మానసిక గాయానికి ఏ థెరపీ? పీఈ, సీపీటీ, ఈఎండీఆర్‌లలో ఎవరికి ఏది నప్పుతుంది

రోడ్డు ప్రమాదం, అత్యాచారం, చిన్ననాటి లైంగిక వేధింపులు, కళ్లెదుటే అయినవాళ్ల చావు, ఇంట్లో ఏళ్ల తరబడి తిన్న దెబ్బలు. ఇలాంటివి జరిగాక నెల దాటినా పీడకలలు, ఉలికిపాట్లు ఆగకపోవచ్చు. జరిగింది మళ్లీ కళ్లముందే జరుగుతున్నట్టు అనిపించవచ్చు. ఆ చోటు, ఆ వాసన, ఆ మాట తగలకుండా బతుకంతా సర్దుకోవాల్సి రావచ్చు. దీన్నే పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు. 1980లో అమెరికన్ సైకియాట్రిస్టుల వర్గీకరణలో ఇది ఈ పేరుతో చేరింది. దీనికి మాటల చికిత్స బాగా పనిచేస్తుంది. కానీ "కౌన్సెలింగ్‌కి వెళ్లండి" అని చెబితే దారి చూపినట్టు కాదు. ఏ పద్ధతి, ఎన్ని సిట్టింగులు, ఇంటి దగ్గర ఏం చేయాలి అన్నవి తెలియకుండా వెళ్లినవాళ్లు మధ్యలోనే మానేస్తారు.

గాయాన్ని మాననివ్వకుండా పట్టి ఉంచేది చాలావరకు తప్పించుకోవడమే. గుర్తొస్తుంది, భయమేస్తుంది, ధ్యాస మళ్లిస్తాం, కాస్త ఊరట. ఆ ఊరట దొరికిన ప్రతిసారీ "దాన్ని తలుచుకుంటే నేను తట్టుకోలేను" అన్న నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అనే "మర్చిపోమ్మా, మనసులో పెట్టుకోకు" కూడా అటువైపే తోస్తుంది. పరీక్షలకు నిలిచిన పద్ధతులన్నీ మనిషిని ఆ జ్ఞాపకం దగ్గరికే తీసుకెళతాయి. వాటి మధ్య తేడా ఎలా తీసుకెళతాయన్న దగ్గరే. ఒకటి నోటితో చెప్పిస్తుంది, ఒకటి కాగితం మీద ఆలోచనల్ని పరీక్షించమంటుంది, ఒకటి మనసులో చూస్తూ కళ్లు కదపమంటుంది. వారం వారం వెళ్లి ఆ వారం గొడవలు చెప్పుకుని వచ్చే కౌన్సెలింగ్ మనసును తేలికపరుస్తుంది, అందులో తప్పులేదు. కానీ పీటీఎస్‌డీని తగ్గించడంలో వీటితో సమానం కాదు.

అమెరికా మాజీ సైనికుల విభాగం, రక్షణ శాఖ కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు మూడు పద్ధతులను ముందువరసలో పెట్టాయి: ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (పీఈ), కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (సీపీటీ), ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్ (ఈఎండీఆర్). ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే ట్రామా (మానసిక గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీనీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) ఈఎండీఆర్‌నీ సూచించింది. పీఈ, సీపీటీ రెండూ ఆ సీబీటీ కుటుంబానివే. ఫలితాల్లో వీటి మధ్య ఉన్న తేడా చిన్నది. అందుకే "ఏది గొప్పది" అని కాకుండా "నేను చివరిదాకా చేయగలిగింది ఏది" అని అడగడమే మేలు.

ముందు తేల్చుకోవాల్సినవి

ఘటన జరిగి నెల కాలేదా? అయితే చాలామందికి ఆ లక్షణాలు వాటంతటవే తగ్గుతాయి. నిద్ర, తిండి, అయినవాళ్ల తోడు, వీలైనంతలో రోజువారీ పనులు చాలు. తుపానో గ్యాస్ లీకో జరిగిన వెంటనే బాధితులందరినీ కూర్చోబెట్టి ఒకే సిట్టింగులో జరిగిందంతా చెప్పించడం మేలు చేయదని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అది వద్దనే చెబుతోంది. తనంతట తాను చెప్పుకుంటే వినాలి, లాగి చెప్పించకూడదు. మొదటి వారాల్లోనే లక్షణాలు మరీ తీవ్రంగా ఉంటే మాత్రం నెల నిండేదాకా ఆగక్కర్లేదు.

ప్రమాదం ఇంకా నడుస్తోందా? కొట్టే భర్తతోనే ఉంటున్న మనిషికి భయం తగ్గించే చికిత్స మొదటి పని కాదు, ఆ భయం నిజమైనది. ముందు రక్షణ ప్రణాళిక కావాలి: ఎవరింటికి వెళ్లాలి, కాగితాలు ఎక్కడ పెట్టాలి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఎప్పుడు ఫోన్ చేయాలి, హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రం దగ్గర్లో ఎక్కడ ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉంటే జ్ఞాపకం మీద పని ఆగాలి, ప్రాణం ముందు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మద్యం అలవాటు ఉంటే చికిత్సకు అనర్హులని కాదు. కానీ సిట్టింగుకు ముందూ వెనకా తాగితే, జ్ఞాపకం ఎదుట నిలబడితే ఏమీ కాలేదన్న పాఠం మెదడుకు ఎక్కదు. ఇది మొదటి రోజే థెరపిస్టుకు చెప్పేయాలి.

పీఈ: నోటితో చెప్పడం, చోటుకు వెళ్లడం

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతి ఇది. 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కోటి 90 నిమిషాలు. మొదటి రెండింటిలో శ్వాస సాధన, లక్షణాల వివరణ, తప్పించుకుంటున్న వాటి జాబితా తయారీ. మూడోదాని నుంచి అసలు పని: కళ్లు మూసుకుని, జరిగిన దాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు వర్తమానంలో 30 నుంచి 45 నిమిషాలు చెప్పాలి. అయిపోతే మళ్లీ మొదటి నుంచి. తర్వాత దాని గురించి థెరపిస్టుతో మాట్లాడాలి. చెప్పింది రికార్డు చేసి ఇస్తారు, ఇంట్లో రోజూ వినాలి.

రెండో భాగం బయట జరుగుతుంది. లారీ గుద్ది బైకు మీంచి పడ్డ మనిషి జాబితా ఇలా ఉండొచ్చు. భయాన్ని 0 నుంచి 100 దాకా కొలుస్తారు. పెరట్లో ఆపిన బైకు మీద కూర్చోవడం 40. కాలనీ వీధిలో వెనక కూర్చుని వెళ్లడం 50. అదే వీధిలో తనే నడపడం 60. సర్వీసు రోడ్డు 70. పగటిపూట హైవే 85. ప్రమాదం జరిగిన మలుపు దాటడం 95. 40, 50 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా, మామూలుగా 30 నుంచి 60 నిమిషాలు ఉండాలి. మళ్లీ మర్నాడు అదే. జాబితాలో ఉండేవన్నీ నిజానికి సురక్షితమైనవే కావాలి. హెల్మెట్ లేకుండా రాత్రి హైవే ఎక్కడం చికిత్స కిందకి రాదు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, భయం పతాక స్థాయిలో ఉన్నప్పుడు లేచి వచ్చేయడం దగ్గర. అలా చేస్తే పారిపోతేనే బతికానన్న పాఠమే మళ్లీ పడుతుంది. రెండోది, కనిపించని ఊతకర్రలు: చేతిలో ఫోను గట్టిగా పట్టుకోవడం, తమ్ముడు వెంట ఉంటేనే కదలడం, భయం తెలియకుండా ఉండాలని లోలోపల దండకం చదువుకుంటూ పోవడం. దేవుణ్ని తలుచుకోవడం మంచి ఆసరాయే, దాన్ని ఎవరూ మానమనరు. కానీ జ్ఞాపకాన్ని తాకకుండా ఉండటానికి వాడితే ఆ అరగంట వృథా అవుతుంది. ఈ తేడాను థెరపిస్టుతో మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. మూడోది, వార్త చదివినట్టు పొడిపొడిగా చెప్పేయడం. అప్పుడు థెరపిస్టు వాసన, చప్పుడు, ఒంట్లో అనిపించింది అడిగి లోపలికి తీసుకెళతారు. దీనికి తలకిందులుగా, కొందరు పూర్తిగా మునిగిపోయి గదిలో ఉన్నామన్న సంగతే మర్చిపోతారు. వాళ్లకు కళ్లు తెరిచి, భూతకాలంలో చెప్పమంటారు.

మొదటి రెండు మూడు వారాలు కలలు కాస్త పెరగొచ్చు. దెబ్బ తగిలిందనుకుని ఎక్కువమంది మానేసేది సరిగ్గా ఇక్కడే. ఈ సంగతి ముందే చెప్పని థెరపిస్టు పని సగమే చేసినట్టు.

ఒక్కటే పెద్ద ఘటన, ప్రధాన బాధ భయం, చోట్లను తప్పించుకోవడం వల్ల ఉద్యోగమో చదువో ఆగిపోయింది: ఇలాంటివాళ్లకు మేం ముందు సూచించేది పీఈనే. వారానికోసారి హైదరాబాదో విశాఖో రాలేనివాళ్లకు మరో దారి ఉంది. రోజూ ఒకటి చొప్పున రెండు వారాల్లో 10 సిట్టింగులు పూర్తి చేసే తీరును సైనికుల మీద పరీక్షించారు. ఆ ఫలితం 8 వారాల చికిత్సకు తీసిపోలేదు. ఆ రెండు వారాలు సెలవు పెట్టుకోగలిగితే అడిగి చూడండి.

సీపీటీ: ఇరుక్కుపోయిన ఆలోచనను పట్టుకోవడం

అత్యాచార బాధితుల కోసం పాట్రీషియా రెసిక్ 1980ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతి. 12 సిట్టింగులు, ఒక్కోటి గంట. ఘటనను వివరంగా చెప్పడం ఇందులో తప్పనిసరి కాదు. ఆ వివరణ రాసే భాగం ఉన్న రూపం, లేని రూపం రెండూ పనిచేస్తాయి. మొదటి వారం ఇచ్చే పని ఒక పేజీ రాయడం: ఇది ఎందుకు జరిగిందని నేను అనుకుంటున్నాను, దీని తర్వాత నా మీద, మనుషుల మీద, లోకం మీద నా నమ్మకాలు ఎలా మారాయి. ఏం జరిగిందో రాయక్కర్లేదు.

ఆ పేజీలోంచి మనిషి ఇరుక్కున్న వాక్యాలు ఏరుతారు. "నేను అరవలేదు, కాబట్టి తప్పు నాదే." "ఆ రాత్రి వాణ్ని వెళ్లనివ్వకపోతే బతికేవాడు." "మగాళ్లెవర్నీ నమ్మకూడదు." తర్వాత రోజుకో కాగితం: ఏం జరిగింది, నాకు నేను ఏమనుకున్నాను, ఏమనిపించింది. ఆపైన ఆ వాక్యాన్ని ప్రశ్నించడం. దీనికి రుజువేంటి? ఆ క్షణంలో నాకు తెలిసిందేంటి, తర్వాత తెలిసిందేంటి? బిగుసుకుపోవడం నేను ఎంచుకున్నదా, ఒళ్లు తనంతట తాను చేసిందా? చివరి సిట్టింగులు భద్రత, నమ్మకం, అదుపు, గౌరవం, సాన్నిహిత్యం అనే అయిదు అంశాల మీద సాగుతాయి. ముగింపులో మొదటి పేజీని మళ్లీ కొత్తగా రాయిస్తారు.

మన దగ్గర తరచూ ఎదురయ్యే వాక్యం ఒకటుంది: "ఏ జన్మలో చేసిన పాపమో." మంచి థెరపిస్టు నమ్మకంతో వాదించరు. ఆ వాక్యం నేరం చేసినవాడి బాధ్యతను బాధితురాలి మీదికి మారుస్తోందా అని మాత్రం అడుగుతారు. కర్మను నమ్ముతూనే "వాడు చేసింది వాడి తప్పు" అనుకోవచ్చు.

భయం కన్నా అపరాధభావం, సిగ్గు, కోపం ఎక్కువగా ఉన్నవాళ్లకు సీపీటీ బాగా నప్పుతుంది. 2002లో అత్యాచార బాధితులైన స్త్రీలలో పీఈతో పోల్చి చూసినప్పుడు రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. అపరాధభావంలో కొన్ని కొలతల మీద మాత్రం సీపీటీదే కాస్త పైచేయి. ఆత్మహత్య చేసుకున్నవాళ్ల తల్లిదండ్రుల్లో, ప్రమాదంలో తాను ఒక్కడే మిగిలినవాళ్లలో ఈ తప్పు తనదే అన్న బరువే ఎక్కువ.

ఇక్కడ ఎదురయ్యే చిక్కు రాత. చదువు తక్కువైనవాళ్లకు కాగితాలు పెద్ద అడ్డంకి. వాళ్లకు సరళమైన కాగితాలు, నోటితో చెప్పి ఫోనులో రికార్డు చేసే ఏర్పాటు కావాలి. రెండో చిక్కు బాగా చదువుకున్నవాళ్లది. కాగితాలు చక్కగా నింపి తెస్తారు, మనసు మాత్రం కదలదు. "తప్పు నాది కాదు" అని పరీక్షలో జవాబులా రాసేస్తారు. ఏడుపో కోపమో రాని కాగితాన్ని థెరపిస్టు మెచ్చుకుని వదిలేయకూడదు.

ఈఎండీఆర్: తక్కువ మాటలు

ఫ్రాన్సిన్ షపీరో 1987లో గమనించి, 1989లో ప్రచురించిన పద్ధతి. ఎనిమిది దశలు ఉంటాయి. చరిత్ర, సన్నాహం అయ్యాక జ్ఞాపకంలో అతి బాధ కలిగించే ఒక్క దృశ్యాన్ని, దానికి అంటుకున్న వాక్యాన్ని ("నేను నిస్సహాయుణ్ని") ఎంచుకుంటారు. బాధను 0 నుంచి 10 దాకా కొలుస్తారు. దానికి బదులు నిలబెట్టాలనుకున్న వాక్యం ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 7 దాకా. థెరపిస్టు వేళ్లను కళ్లతో అనుసరిస్తూ దృశ్యాన్ని మనసులో ఉంచుకోవాలి. అర నిమిషం తర్వాత ఆగి, ఏం వచ్చిందో ఒకటి రెండు మాటల్లో చెబితే చాలు. బాధ 0కి, కొత్త వాక్యం 7కి చేరేదాకా ఇదే సాగుతుంది. చివర ఒంట్లో ఎక్కడైనా బిగువు మిగిలిందేమో చూస్తారు. ఒక ఘటనకు మామూలుగా 6 నుంచి 12 సిట్టింగులు, 60 నుంచి 90 నిమిషాలు.

కళ్ల కదలికే పనిచేస్తోందా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమే పనిచేస్తోందా అన్నది పరిశోధకుల్లో తెగని వాదన. రోగికి దానితో పెద్ద పనిలేదు, ఫలితం మాత్రం నిలబడింది. జరిగింది నోరు తెరిచి చెప్పలేనివాళ్లకు, ఇంటిపని చేయలేనివాళ్లకు ఇది అనుకూలం. అయితే సన్నాహ దశ దాటించి మొదటి రోజే వేళ్లు ఊపడం మొదలుపెట్టేవాళ్లతో జాగ్రత్త. బాధ పూర్తిగా దిగకుండా సిట్టింగు ముగిస్తే, శాంతపరిచే సాధన చేయించి, ఇంటికెళ్లాక ఏం రావొచ్చో చెప్పి పంపాలి.

ఇంట్లో ఏకాంతం ఉందా?

విదేశీ పుస్తకాల్లో ఈ ప్రశ్న పెద్దగా కనిపించదు. మన ఇళ్లలో మాత్రం చాలాసార్లు ఎంపికను నిర్ణయించేది ఇదే. రెండు గదుల ఇంట్లో అత్తామామలతో ఉండే కోడలు, పెళ్లికి ముందు జరిగిన దాడి గురించిన రికార్డింగును రోజూ ముప్పావుగంట ఎక్కడ వింటుంది? ఫోను పిల్లల చేతిలో ఉంటుంది. కాగితాలు బీరువాలో దొరుకుతాయి. ఇలాంటి చోట ఇంటిపని తక్కువున్న ఈఎండీఆర్‌ను ముందు చూడటం తెలివైన పని. పీఈనే కావాలంటే రికార్డింగును తాళం వేసిన యాప్‌లో ఉంచి, ఆసుపత్రిలోనే సిట్టింగుకు ముందు గంట వినే ఏర్పాటు అడగొచ్చు. సీపీటీ కాగితాలు పూర్తయ్యాక థెరపిస్టు ఫైలులోనే ఉంచమనొచ్చు.

వీడియోలో పీఈ, సీపీటీ రెండూ బాగానే పనిచేస్తాయి కాబట్టి గల్ఫ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లకు తెలుగు థెరపిస్టు దొరకడం కష్టం కాదు. కానీ వేరే దేశంలో ఉన్నవాళ్లను చూడటానికి అక్కడి లైసెన్సు నిబంధనలు అడ్డొస్తాయేమో ముందే కనుక్కోవాలి. తెలుగులో జరిగిన దాన్ని ఇంగ్లీషులో చెబితే కొందరికి సులువుగా ఉంటుంది, ఎందుకంటే బాధ అంత దగ్గరగా తగలదు. మొదట్లో అలా చెప్పినా పర్వాలేదు, చివరికి మాత్రం ఆ మాటల్ని వాటి భాషలోనే చెప్పగలగాలి.

పిల్లలు, ఏళ్ల తరబడి గాయాలు

3 నుంచి 18 ఏళ్లవారికి టీఎఫ్-సీబీటీ (ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ) అనే పద్ధతి ఉంది. పిల్లలతో, తల్లి లేదా తండ్రితో విడివిడిగా, తర్వాత కలిపి, 8 నుంచి 25 సిట్టింగులు. పిల్లాడు జడుసుకున్నాడని తాయెత్తు కట్టించడం వల్ల నష్టమేమీ లేదు, అక్కడితో ఆగిపోతేనే నష్టం. ఒక విషయం ముందే తెలిసి ఉండాలి: 18 ఏళ్లలోపువారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం థెరపిస్టు పోలీసులకు చెప్పి తీరాలి. గోప్యత అక్కడ వర్తించదు. మొదటి సిట్టింగులోనే ఈ మాట చెప్పేవారు నమ్మదగ్గవారు.

చిన్నప్పటి నుంచీ సాగిన హింస వల్ల కోపం, సంబంధాలు, తన మీద తనకున్న అభిప్రాయం కూడా దెబ్బతిని ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 దాన్ని కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అంటుంది. మార్లీన్ క్లోయిత్ర్ పద్ధతిలో ముందు 8 సిట్టింగులు ఉద్వేగాలను, సంబంధాలను సంబాళించే నైపుణ్యాలకు, తర్వాత 8 జ్ఞాపకాలకు కేటాయిస్తారు. ముందస్తు దశ అందరికీ అవసరమా అన్నదానిపై వాదన ఉంది. మా ఉద్దేశంలో చేతులు కోసుకోవడం, గదిలో స్పృహ తప్పినట్టు అయిపోవడం ఉన్నవాళ్లకు అది కావాలి. కానీ ఆరు నెలలు గడిచినా "మీరింకా సిద్ధంగా లేరు" అంటుంటే తప్పించుకుంటున్నది థెరపిస్టే కావచ్చు. ఒకటి కాదు, ఎన్నో ఘటనలు ఉన్నవాళ్లకు నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ కూడా ఉంది. నేల మీద తాడు పరిచి, చెడు జ్ఞాపకాలకు రాళ్లు, మంచివాటికి పూలు పెట్టి, జీవితాన్ని మొదటి నుంచి వరసగా చెప్పిస్తారు. చదువు రానివాళ్లకూ ఇది సాధ్యమే.

మందుల సంగతి

డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్, పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఉపయోగపడతాయి. ఫలితం కనిపించడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, హఠాత్తుగా ఆపకూడదు. థెరపీ దొరకనివాళ్లకు, డిప్రెషన్ తోడైనవాళ్లకు ఇవి పెద్ద అండ. ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే ఆల్ప్రజోలం, క్లోనజెపాం మాత్రం పీటీఎస్‌డీకి వద్దని మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. నిద్ర పడుతుంది, కానీ అలవాటవుతుంది, థెరపీలో నేర్చుకోవాల్సిన దాన్ని అడ్డుకుంటుంది. ఇప్పటికే ఏళ్లుగా వాడుతుంటే సొంతంగా ఆపేస్తే మూర్ఛలు రావొచ్చు, సైకియాట్రిస్టు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఎవరి దగ్గరికి

మందులు రాసేది సైకియాట్రిస్ట్. ఈ థెరపీలకు క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఖర్చు భరించలేనివాళ్లు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, బోధనాసుపత్రుల సైకియాట్రీ ఓపీల్లో మొదలుపెట్టొచ్చు. ప్రైవేటులో అయితే ఒక సిట్టింగు ఫీజును 12తో గుణించి, అంత పెట్టగలమా అని ముందే లెక్క చూసుకోండి. నాలుగో సిట్టింగులో డబ్బు అయిపోతే జ్ఞాపకం తెరిచి వదిలేసినట్టవుతుంది.

అడగాల్సింది సూటిగా అడగండి. ఏ పద్ధతి వాడతారు, అందులో ఎక్కడ శిక్షణ పొందారు, ఎన్ని సిట్టింగులు, మార్పును దేనితో కొలుస్తారు. "నా దగ్గర అన్నీ కలిపి చేస్తాను" అనే జవాబుకు "అయితే మూడో వారం ఏం చేస్తాం?" అని అడిగి చూడండి. ఒక్క సిట్టింగులో పోగొడతామన్నవారు, హిప్నాసిస్‌తో మరచిపోయిన జ్ఞాపకాలు, గత జన్మలు బయటకు తీస్తామన్నవారు, హింసించినవాణ్ని క్షమిస్తేనే నయమవుతుందని పట్టుబట్టేవారు, వద్దన్నా తాకేవారు: వెళ్లిపోవడానికి వీటిలో ఒక్కటున్నా చాలు.

మధ్యలో మార్చాలా?

లక్షణాల తీవ్రతను కొలిచే పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రం ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4, మొత్తం 80. 31 నుంచి 33 దాటితే పీటీఎస్‌డీ ఉండొచ్చని అనుమానిస్తారు, నిర్ధారణ మాత్రం ముఖాముఖి పరీక్షతోనే. వారానికోసారి లేదా రెండు వారాలకోసారి నింపి రాసిపెట్టుకోండి. స్థూలంగా 10 పాయింట్లు, ఆపైన తగ్గితే మార్పు వస్తున్నట్టు లెక్క.

ఆరేడు సిట్టింగుల తర్వాత కూడా ఆ అంకె కదలకపోతే పద్ధతిని మార్చేముందు నాలుగు సంగతులు చూడాలి. ఇంటిపని నిజంగా జరుగుతోందా. అతి బాధాకరమైన ఘటన కాకుండా చెప్పడానికి తేలికైన దాని మీద పని చేస్తున్నారా. ఇది చాలా ఎక్కువగా జరిగేదే, సిగ్గు వల్ల మొదట అసలుది బయటపడదు. రాత్రిపూట మద్యమో ఆల్ప్రజోలమో తోడవుతోందా. హింస చేసిన మనిషి ఇప్పటికీ ఇంటికి వచ్చిపోతున్నాడా. ఇవన్నీ సరిచేసినా మార్పు లేకపోతే థెరపిస్టునే అడిగి పీఈ నుంచి సీపీటీకి, లేదా ఈఎండీఆర్‌కి మారడంలో తప్పులేదు. మారేటప్పుడు ఇంతవరకు నింపిన పీసీఎల్-5 అంకెలు, ఏ ఘటన మీద ఎన్ని సిట్టింగులు జరిగాయన్న ఒక పేజీ సారాంశం రాయించుకుని వెళ్లండి. కొత్త చోట అన్నీ మొదటి నుంచి చెప్పాల్సిన పని తప్పుతుంది.